సుద్దగీత అవతల టిఫిన్ డబ్బా

బ్రేకుల శిక్షణ పాసైతేనే మిల్లులోకి బైకు రానిస్తామని యాజమాన్యం చెప్పింది. మరమగ్గాల నర్సింగం ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నా, బోర్లా పడతానన్న భయంతో ముందు బ్రేకును మునుపెన్నడూ ముట్టలేదు.

"గీత దాటొద్దు బాపూ," అంటూ శిక్షకురాలు మహిత సుద్దగీతకు అవతల అతని టిఫిన్ డబ్బానే పెట్టింది.

"నాకే నేర్పుతవా బిడ్డా?" అంటూ దూసుకొచ్చి, వెనక బ్రేకు ఒక్కటే తొక్కాడు. బండి జారి డబ్బాను నలిపింది. పప్పు పారింది.

"కాకా, పప్పుల కాలేసినవ్!" అని తోటివాళ్లు ఒకటే నవ్వు.

నర్సింగం బండి దిగి డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. రోజూ తన దారిలో బడిపిల్లలు రోడ్డు దాటుతారు. వాళ్ల చేతుల్లోనూ ఇలాంటి డబ్బాలే.

"రెండు బ్రేకులు ఎట్ల పట్టాలె? జర మెల్లగ చెప్పు బిడ్డా," అంటూ, నలిగిన డబ్బాను తనే మళ్లీ గీత అవతల పెట్టాడు.