గోలేనికి పట్టిన పాచి

పాచి మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే నవ్వని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చింతమడకలో మా వాడకట్టు వాళ్లయితే, తమ బోరింగు దగ్గర బోలెడు పాచి ఉందని, వచ్చి ఎత్తుకుపొమ్మని పిలుస్తారు. నేనూ తగ్గను. సంచిలో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది, నిజంగానే పోయి ఎత్తుకొస్తాను.

పాచి అంటే అందరికీ కాలు జారడమే గుర్తొస్తుంది. కానీ రాయికి పాచి ‘పట్టింది’ అనే కదా మనం అంటాం. ఆ పట్టే నా చదువంతా. పాచి పోగును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, అన్నిటికంటే అడుగున ఉన్న కణం పళ్లెంలా పరుచుకుని రాయిని కరుచుకుని ఉంటుంది. నేను దాన్ని పాదం అంటాను. ఆ పాదం కింద ఒక బంక ఉందని, అది నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే గట్టిపడుతుందని నా వాదన. మా ఆయన శైలేందర్ పొలంలో పైపు పగిలితే మోటారు బంద్ చేసి, తడి తుడిచి, ఆరబెట్టి, అప్పుడు సొల్యూషన్ పూస్తాడు. పాచికి ఈ తిప్పలేవీ లేవు. దాని దగ్గరున్న విద్య మనకు తెలిస్తే తడి పుండును కూడా కుట్లు లేకుండా అతికించొచ్చు.

మా గైడ్ రాజేంద్రప్రసాద్ సార్ ఈ వాదన ఒప్పుకోలేదు. పోగుల చుట్టూ ఉండే జిగటే పాచిని రాయికి అంటిపెడుతుందని, వేరే బంక ఏదీ లేదని ఆయన నమ్మకం. జిగటంతా తీసేశాక కూడా పాదం పట్టుకునే ఉందని చూపిస్తే నా మాట నిజమన్నారు, చూపించలేకపోతే టాపిక్ మార్చుకోమన్నారు. చూపించడమే రావడం లేదు. కాలేజీ ల్యాబులో గాజు పలకల మీద పెంచిన పాచి ముట్టుకుంటే ఊడొచ్చేది. గట్టిగా పట్టింది ఒక్క మా వాకిట్లో నీళ్లు నిలవ చేసే సిమెంటు తొట్టి, ఆ గోలెంలోనే. నీళ్లు తాగే బర్లు నాలుకతో గీరినా, పొద్దంతా బకెట్లు ముంచినా అది కదలదు. అయితే బ్లేడుతో గీకితే జిగటతో పాటు పాదాలూ తెగిపోయేవి. సిమెంటు ముక్క చెక్కి చూస్తానంటే మా అత్తమ్మ చంద్రవ్వ ఒప్పుకోదు. గోలెం ఆమె దగ్గరుండి కట్టించుకున్నది.

చివరికి సార్ తానే వచ్చి చూస్తానన్నారు. ఆదివారం కుటుంబంతో కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లి, తిరుగుదారిలో మా ఇంట్లో ఆగి అక్కడే ఏదో ఒకటి తేల్చేస్తానన్నారు. ఈ మాట ఇంట్లో చెప్పాను. చెప్పిన తీరే కొంప ముంచింది.

"అత్తమ్మా, ఆదివారం మా పెద్దసారు వస్తున్నరు. మన గోలెం చూడనీకే వస్తున్నరు."

గోలెం ముట్టుకోవద్దని అంతకుముందే ఎన్నోసార్లు చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పలేదు. పాచి అంటే అత్తమ్మకు ఒళ్లు మంట. ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషి, నా చదువు కోసం ఆ గోలేన్ని ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకుందో ఆమెకే తెలియాలి.

ఆదివారం పొద్దున సిద్దిపేటకు పోయి, పైనుంచి లైటు పడే చిన్న మైక్రోస్కోపును కాలేజీ నుంచి తెచ్చుకున్నాను. బండి స్టాండు వేసి చూస్తే గోలెం ఖాళీగా, తెల్లగా మెరుస్తోంది. పక్కన బూడిద, కొబ్బరి పీచు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగజెక్కి బకెట్లో సున్నం కలుపుతోంది.

"ఏం జేసినవ్ అత్తమ్మా?"

"సారు గోలెం జూడ వస్తుండంటివి కదా. గంత పాచితోని చూపిస్తే నా ఇజ్జత్ ఏం గాను?"

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఆమె ముఖం చూస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా సార్ కోసం నడుము విరిగేలా తోమింది పాపం. గోలెంలో చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా జిగట లేదు. జారడం లేదు. సిమెంటు గరుకుగా చేతికి తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ముట్టుకోవద్దనకముందు గోలెం తోమినప్పుడల్లా అత్తమ్మ తిట్టుకున్న మాట. ఎంత తోమినా ఈ పాచి ముదనష్టం వారం తిరగంగనే మళ్లీ లేస్తదని. లేవాలంటే ఏదో మిగలాలి కదా. బ్లేడు అడుగంటా తెంపుతుంది. పీచు, బూడిద మెత్తనివి, పైనున్న పోగుల్నీ జిగటనీ ఊడ్చుకుపోతాయి. సిమెంటు సందుల్లో కూర్చున్న పాదాలను అవి ఏం చేయగలవు? నాకు చేతకాని పని మా అత్తమ్మ చేసిపెట్టింది. పాదాలు అక్కడే ఉన్నాయని చూడకముందే నాకు నమ్మకం కుదిరింది. సున్నం ఒక్కటి పడకుండా చూసుకోవాలి.

"సున్నం ఆపు అత్తమ్మా. నాకు ఉలి, సుత్తె గావాలె."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. గోలెం పగలగొట్టనీకా అని అడిగింది. అవును, చిన్న పెచ్చే అన్నాను. చేసిన పొరపాటు అప్పటికే కొంచెం అర్థమైనట్టుంది, కొట్టంలోకి పోయి తెచ్చిచ్చింది. కానీ నేను కొట్టిన ప్రతి దెబ్బకూ ఆమె కళ్లు మూసుకుంది.

రెండు పెచ్చులు తీశాను. ఒకటి తోమిన చోటు నుంచి, ఇంకోటి మూలన అత్తమ్మ చెయ్యి అందని చోటు నుంచి. రెంటి మీదా మోటారు పైపుతో జోరుగా నీళ్లు కొట్టాను. తర్వాత నీలం మందు చుక్క వేశాను. జిగట ఎక్కడ ఉంటే ఆ నీలం అక్కడ పడుతుంది.

మధ్యాహ్నం సార్ వచ్చారు, నుదుటి మీద గుళ్లో పెట్టిన పసుపు బండారి ఆరకుండానే. శుభ్రంగా ఉన్న గోలెం చూసి ఆయన ముఖం వాడిపోయింది. ఏం చూపిస్తావు ఇంకా అన్నట్టు నా వైపు చూశారు. కుర్చీ వేసి, ముందు మూలది చూడమన్నాను. అంతా నీలంగా ఉందన్నారు. తర్వాత తోమిన పెచ్చు పెట్టాను. సార్ చాలాసేపు తల ఎత్తలేదు. వాళ్లావిడ చాయ్ చల్లారుతుందని రెండుసార్లు పిలిచింది.

"నీలం లేదు. కానీ పాదాలున్నాయి. వరసగా ఉన్నాయి" అన్నారు, ఇంకా కన్ను తీయకుండానే.

"పీచు పెట్టి తోమినా, మోటారు నీళ్లు కొట్టినా ఉన్నయి సార్."

ఆయన లేచి కళ్లజోడు తుడుచుకున్నారు. ఇదే పని ఇంకొన్ని గోలేలకు, రాళ్లకు కూడా చేసి చూడమన్నారు. తర్వాత నేను ఎదురుచూస్తున్న మాట అన్నారు.

"టాపిక్ మార్చకు త్రివేణీ. నేనే మారాలి."

గెలుస్తానని తెలుసు. అయినా ఆ మాట విన్నాక సంతోషం పట్టలేకపోయాను.

అత్తమ్మ అంతా విని ముందుకొచ్చి, తననూ చూడనియ్యమంది. ఒక కన్ను మూసుకోవడం రాక కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. గుండ్రంగా గవ్వల లెక్క ఉన్నవేందని అడిగింది. పాచి కాళ్లని చెప్పాను.

"అంటే నేను తోమింది పోనే లేదా?"

ఆమె గొంతులో నిజమైన బాధ ఉంది. పోలేదు కాబట్టే నేను గెలిచానని, నువ్వు తోమకపోతే నాకు ఈ రోజు లేదని చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె సమాధానపడలేదు. సున్నం బకెట్ తీసుకుపోయి కొట్టంలో మూలకు పెట్టింది.

మరునాడు పొద్దున నేను లేచేసరికి గోలెం నిండా నీళ్లున్నాయి. గోడ అవతలి నుంచి పక్కింటి కిష్టవ్వ, ఆ పాచి సంగతి తేలిందా, నీ కోడలి పాచి చదువు అయిపోయిందా అని ఎప్పటిలా ఎకసెక్కంగా అడుగుతోంది. ఎప్పుడూ ఆ మాటకు తల దించుకుని లోపలికొచ్చే అత్తమ్మ ఈసారి గోడ దగ్గరికే పోయింది.

"నవ్వకు కిష్టవ్వా. గది ఆషామాషీ పాచి గాదు. నేను తోమితేనే పోలేదు."