మందు అందిన ఎలుక

ఎలుకల బోనులో తడిసిన రంపపు పొట్టును రేకుముక్కతో గీకి సంచిలోకి తోస్తుంటే ఉచ్చకంపు ముక్కుపుటాలదిరేలా గుప్పుమంది. ఇన్నేళ్లయినా అతనికి ఆ కంపు అలవాటు కాలేదు. పరిశోధనశాలలో అందరికీ అతను ఎలుకల బాబాయి. మొదట్లో ఆ పిలుపంటే ఒళ్లు మండేది. పోనుపోను అసలు పేరుతో పిలిస్తేనే పలకడం మానేశాడు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు ఎగబీల్చి లేచిపోయేవారు. భార్య మాత్రం తలుపు తీస్తూనే, "వచ్చారా? గుమ్మంలో పిల్లిని కాపలా పెట్టనా?" అని నవ్వి చేతికి సబ్బందించేది.

ఆ మనిషి మొన్న అన్నం తిని గిన్నెలు కడుగుతూ కుప్పకూలింది. ఇప్పుడు ఆసుపత్రిలో, నోటిమూల జొల్లు కారుతూ, ఒంటిమీద తెలివి లేకుండా పడుంది. మెదడుకు రక్తం అందక పక్షవాతం వచ్చిందట, ఆపైన మెదడు వాచిందట. లోపలికి ఒక్కరినే రానిస్తారు. "నేనున్నాగా బావా, నువ్వు కాసేపు వెళ్లు" అంది మరదలు. ఎక్కడికి పోవాలో తోచక పనిలోకొచ్చాడు.

ఇక్కడ ఎలుకలకూ అదే జబ్బు. పరిశోధన చేసే మేడమ్ వాటికి మత్తిచ్చి, మెదడుకు పోయే రక్తనాళం ఒకటి మూసేస్తుంది. తర్వాత వాపు తగ్గుతుందేమోనని కొన్నింటికి ఏనాటి నుంచో వాడుకలో ఉన్న షుగరు మందు సూదితో ఎక్కిస్తుంది. మిగతావాటికి ఉత్త ఉప్పునీరు.

ఉప్పునీటి బోనుల్లో రెండు బిగుసుకుపోయాయి. ఒకదాని చెవిని పక్కది కొరికేసింది. తోక పట్టి ఎత్తగానే పచ్చటి నీళ్లు అతని బూటు మీద కారాయి. అవతలి బోనులో మందు పడిన ఎలుక మూతి తుడుచుకుని, దాణా బిళ్ల పట్టుకుని కరకరా నములుతోంది.

మేడమ్ తొంగిచూసి మురిసిపోయింది. "చూశావా బాబాయ్, లేచి తింటోంది!"

"అమ్మా, ఈ మందు మా ఆవిడకి..."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఈ జబ్బుకి ఇంకా మనుషుల మీద పరీక్షించలేదు బాబాయ్. ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తే? అక్కడి డాక్టర్లూ ఒప్పుకోరు."

"మనుషుల మందేగా. మా పక్కింటాయన రోజూ మింగుతాడు."

"ఆయన మింగడానికీ దీనికీ తేడా ఉంది." ఆమె గొంతు తగ్గింది. "నిజంగా ఉంది బాబాయ్."

ఉండే ఉంటుంది. ఆవిడ మంచిదే. తిట్టిపోయడానికి ఒక్కరూ దొరకకపోవడమే అతనికి మరీ రోతగా ఉంది.

ఆమె వెళ్లాక బోను మూత తీసి ఎలుకను పిడికిట పట్టాడు. వెచ్చగా ఉంది. దాని గుండె అతని వేళ్లకు కొట్టుకుంటోంది. కాస్త నొక్కితే చాలు.

"తిను. దిక్కుమాలినదానా, నువ్వన్నా తిను" అని పొట్టులో వదిలేసి, నీళ్లసీసా నింపాడు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం సంచుల మూతులు కడుతుండగా మరదలు ఫోన్ చేసింది. "బావా... అక్క..."

"వస్తున్నా" అన్నాడు. పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకున్నాడు.

ఆసుపత్రిలో ముఖం మీద దుప్పటి కప్పేశారు. నర్సు అతని చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. లోపల నీళ్లలో ఆమె కట్టుడు పళ్లు. పంటిసందున మొన్నటి మెతుకొకటి నాని, తెల్లగా ఉబ్బి ఉంది.