వేట లేని మూడు నెలలు

చింబోటే రేవులోని చేపపిండి ఫ్యాక్టరీలో నేను బాయిలర్ చూసేవాణ్ణి. చేపలు ఉడికేటప్పుడు కుళ్లిన గుడ్ల కంపుతో గ్యాస్ లేస్తుంది. దాన్ని గొట్టాల ద్వారా వెనకనున్న పెద్ద తొట్టిలోకి పంపేవారు. తొట్టినిండా తడి చెక్కముక్కలు, సముద్రపు చిప్పలు. వాటిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు ఆ గ్యాస్‌ను తినేస్తాయి. ఆ తొట్టి బాగోగులు మాతో పనిచేసే జెనైదా బాధ్యత.

ఆ ఏడు ప్రభుత్వం మూడు నెలలు చేపల వేట ఆపించింది. గ్యాసే లేనప్పుడు తొట్టికి నీళ్లు తోడే పంపులెందుకు, ఆపేయమన్నాడు ఇంజనీరు లారెయా.

"ఆపితే అవి చస్తాయి, ఇంజనీరుగారూ," అంది జెనైదా.

"వేట మొదలయ్యాక మళ్లీ పెంచుదాం. నెల పడుతుంది, అంతేగా."

"మీరు త్రుహీయోలో మీ ఇంటికి వెళ్లి హాయిగా పడుకుంటారు. ఆ నెలంతా కంపు పీల్చేది మా పేట."

ఆయన కొంచెం దిగొచ్చాడు. "ఒక్క పంపు ఉంచుకో. మేత మాత్రం నువ్వే వెతుక్కో."

ఫ్యాక్టరీ మూసినా, పక్కనున్న మా మురుగు గుంటలోంచి అదే కంపు గ్యాస్ లేస్తూనే ఉంటుంది. జెనైదా దానిమీద టార్పాలిన్ కప్పి, పాత ఫ్యాను బిగించి, ఆ గాలిని తొట్టిలోకి మళ్లించింది.

"ఏమ్మా, నీ మందకు మేతేశావా?" అని ఏడిపించేవాణ్ణి.

"వేశాను. అవి నీలా కూర్చుని తినే రకం కాదులే అన్నా."

రెండో నెలలో ఆ ఒక్క పంపూ కాలిపోయింది. కొత్తది రావడానికి పదకొండు రోజులు పట్టింది. జెనైదా బకెట్లతో నీళ్లు మోసి తొట్టి తడిపింది. రెండు రోజులు చూసి, సిగ్గేసి, మూడోరోజు నేనూ బకెట్ అందుకున్నాను.

వేట మొదలైంది. తొలి పడవల సరుకు ఉడుకుతుండగా ఇంజనీరు తొట్టి దగ్గరకొచ్చి మీటరుతో గ్యాస్ కొలిచాడు. లోపలికి వెళ్లేచోట అరవై. బయటికొచ్చేచోట సున్నా. మీటరు దులిపి మళ్లీ పెట్టాడు. సున్నాయే.

"మీటరు పాడైనట్టుంది."

"మీ ముక్కు బాగానే ఉందిగా, దాంతో చూడండి," అంది జెనైదా.

ఆయన వంగి వాసన చూశాడు. తడి చెక్క వాసన తప్ప ఇంకేమీ లేదు. మర్నాడు తనిఖీకి వచ్చిన అధికారి ఇదెలా సాధ్యమైందని అడిగితే, "నన్ను కాదు, ఆవిడనడగండి. తొట్టి ఆవిడది," అన్నాడు. జెనైదా తడిచేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, తడబడకుండా అరగంట చెప్పింది. అధికారి రాసుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా, ఎక్కడ పనిచేస్తావని ఎవరైనా అడిగితే, ఆ కంపు ఫ్యాక్టరీ పేరు చెప్పలేక "రేవులో" అని తప్పించుకునేవాణ్ణి. ఆ సాయంత్రం, చేపలు ఉడుకుతున్నా, పేటలో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. క్షవరం చేస్తున్న మంగలికి అడక్కుండానే ఫ్యాక్టరీ పేరు చెప్పాను.