గుర్తుపట్టిన పెట్టెలు

బైండరమ్మ పొద్దున్నే లేచి ముందుగా చేసే పని కుడిచేతి బొటనవేలికి నూనె రాసుకోవడం. ఇరవై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో కాగితాల మడతలు నొక్కి, ఆరేళ్లుగా షెడ్డులో అట్టపెట్టెల అంచులు నొక్కి ఆ వేలు గులకరాయిలా నున్నబడిపోయింది. గీత అన్నది లేదు. నూనె రాస్తే గీతలు తేలతాయని ఎవరో చెప్పారు. చెప్పినవాళ్లదేం పోయింది, ఆమె పది రోజులుగా రాస్తూనే ఉంది.

పది రోజుల కిందట షెడ్డు సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి, ఒకటో తారీఖు నుంచి హాజరు ఫోన్‌లోనే అని చెప్పాడు. ఎవరి ఫోన్‌లో వాళ్లు వేలు పెట్టాలి. వరసగా మూడు రోజులు వేలు పడకపోతే పేరు కొట్టేస్తారు. ఆమెకున్నది బటన్ల ఫోను. అంకెలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి గాని, ఏది ఎక్కడుందో వేళ్లకి తెలుసు.

సరిగ్గా ఆ వారమే రెండు పెద్ద ఫోన్ల కంపెనీలూ కొత్త మోడళ్లు దింపుతున్నాయి. దాంతో ఇంట్లో రెండు పార్టీలు లేచాయి. నర్సుగా చేసే కూతురు ఒక పక్క, లిఫ్టులు బాగుచేసే తమ్ముడు ఇంకో పక్క. కూతురు వాడే రకం కొంటే మనవరాలి ఫోటోలు వాటంతటవే వచ్చి పడతాయట, ఆరేళ్లదాకా చూసుకోనక్కర్లేదట. తమ్ముడి రకమైతే పగిలినా సందు చివర బాగుచేస్తారట, మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చట.

"నీ ఫోను ఇనప్పెట్టె. తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరుంటుంది" అన్నాడు మేనమామ.

"నీది సత్రం మామయ్యా. ఎవడైనా వచ్చి పడుకోవచ్చు" అంది మేనకోడలు.

వాళ్లు కొట్టుకుంటుంటే బైండరమ్మ మనసు అచ్చాఫీసుకి పోయేది. ఆమె కుట్టి అట్ట వేసిన పుస్తకాలు ఆమెని మరిచేవి కావు. చెయ్యి దాటిపోయిన పుస్తకం మళ్లీ ఎక్కడ ఎదురుపడినా దానంతటదే తెరుచుకునేది. లైబ్రరీలో అడుగుపెడితే అరలన్నీ రెపరెపలాడేవి. ఆవిడ వచ్చే రోజున లైబ్రేరియన్ విడి కాగితాల మీద బరువులు పెట్టుకునేవాడు. బడి పక్కగా నడిస్తే టీచరమ్మ, "బైండరమ్మ వెళ్తున్నట్టుంది, మీ పేజీలు మళ్లీ తీసుకోండి" అని పిల్లలకు చెప్పి పాఠం సాగించేది.

ఆ అచ్చాఫీసు మూతపడింది. పెట్టెల మీద ఆమెకి ఆ ప్రేమ లేదు. పేరైనా లేని తెల్ల పెట్టెలు. ఎవరికోసమో చెప్పరు. పేర్లు ఇంకెక్కడో అచ్చు వేసుకుంటారు. సాయంత్రానికి లారీ ఎక్కి పోతాయి, మళ్లీ కంటబడవు. పుస్తకంలో మాటలుంటాయి, ఈ డొల్లలో ఏముంది, అనుకుంటూనే ఆరేళ్లు నొక్కింది.

కొత్త మోడళ్లు అమ్మకానికొచ్చిన ఆదివారం తమ్ముడూ కూతురూ చెరో చెయ్యి పట్టుకుని ఆమెని కొట్టుకి తీసుకెళ్లారు. పది గంటలకి అమ్మకం. అప్పటికే వరస వీధిలోకి వచ్చింది. వరసలో సూపర్‌వైజర్ కూడా ఉన్నాడు. ఎదురెదురుగా రెండు కౌంటర్లు, వాటి వెనక మూసిన బీరువాలు. ముందు చూసుకోమని కౌంటర్ అమ్మాయి రెండు ఫోన్లూ ఆమె ముందు పెట్టింది.

ఇనప్పెట్టె ఆమె వేలిని ఒప్పుకోలేదు. సత్రమూ ఒప్పుకోలేదు. తుడిచి పెట్టమన్నారు, గట్టిగా పెట్టమన్నారు, మెల్లగా పెట్టమన్నారు. ఎడంచేతి వేలూ అయింది. వెనక ఎవరో తొందరగా కానివ్వమని గొణిగారు. తమ్ముడూ కూతురూ మొదటిసారి ఏ పార్టీ లేకుండా ఊరుకున్నారు.

"ఇంకోసారి పెట్టండి ఆంటీ" అంది అమ్మాయి.

"వద్దులేమ్మా. ముప్పై నాలుగేళ్లు పనిచేసి అరిగిన వేలు ఇది. ఏ పనీ చేయని వేలైతే ఈపాటికి గుర్తుపట్టేవి."

ఆమె గుమ్మం వైపు తిరిగేసరికి పది కొట్టింది. కొట్టు యజమాని రెండు బీరువాలూ బార్లా తెరిచాడు.

ఎడమ బీరువాలో పై వరస పెట్టె మూత లేచింది. దాని పక్కది. దాని కిందది. ఆ తర్వాత కుడి బీరువాలో. చూస్తుండగా రెండు పక్కలా పెట్టెలన్నీ బొటనవేలంత ఎత్తుకి మూతలు లేపుకుని నిలబడ్డాయి.

సీళ్లు చినుగుతాయి, కాస్త పక్కకి నిలబడమని యజమాని ఆమెని బతిమాలాడు. తమ్ముడు మాత్రం ఆశ్చర్యంగా రెండు బీరువాలనూ మార్చి మార్చి చూశాడు.

"అయితే రెండు కంపెనీలవీ మీ షెడ్డు పెట్టెలేనా అక్కా?"

ఆమె తన బొటనవేలిని చూసుకుంది. డొల్లలనుకుంది వాటిని.

సూపర్‌వైజర్ వరస వదిలి వచ్చాడు.

"చిన్నప్పుడు నా ఎక్కాల పుస్తకం కూడా మీరు వెళ్తుంటే తెరుచుకునేది" అన్నాడు. "రేపు పనికి రండి. ఫోను కొనకండి."

మర్నాడు షెడ్డు గేటు దగ్గర స్టూలు మీద ఒక ఖాళీ పెట్టె ఉంది. బైండరమ్మ అడుగుపెట్టగానే మూత లేచింది. సూపర్‌వైజర్ పాత హాజరు పట్టీ తీసి, ఆమె పేరు ఎదురుగా టిక్కు పెట్టి, మూత వేశాడు. ఆ రోజు నుంచి ఆమె హాజరు అదే.

ఆమె తన బల్ల దగ్గర కూర్చుంది. వేలికి ఆ పూట నూనె రాయలేదు. మొదటి పెట్టె అంచు నొక్కి, మూత వేసే ముందు లోపలికి వంగి, ఎవరికీ వినపడకుండా, "వెళ్లి రా" అంది.