దీపం దగ్గరి మచ్చ

కుడికన్ను మూసుకుని ఎడమకంటితో స్నానాలగది గోడకేసి చూశాడు. తెల్లపలకల మధ్య నిలువుగీత కుళాయి దగ్గర మొదలై తిన్నగా పైకి పోవాలి. సగందాకా తిన్నగానే పోయింది. అక్కడ కాస్త వంగి, గోధుమగింజంత బూడిదరంగు మసకలోకి దూరి, అవతల మళ్లీ బయటపడింది. నిన్నటికంటే మసక పెరిగిందా? రోజూ ఇదే పరీక్ష, రోజూ ఇదే ప్రశ్న. కన్ను మార్చి చూశాడు. కుడికంటికి గీత గీతలాగే ఉంది. అమ్మయ్య అనుకున్నాడు కానీ, ఆ అమ్మయ్య తువ్వాలు ఆరేసేదాకా కూడా నిలవలేదు.

"బయటికొస్తారా, అక్కడే కాపురం పెట్టేస్తారా?" అంది భార్య తలుపవతల నుంచి.

"వస్తున్నా, వస్తున్నా."

ఆమెకు చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్ల కిందట మొదలైన మసకను నాలుగు నెలలు తనలోనే దాచుకుని, ఆఖరికి కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, ఎడమకంటి నడిచూపు పోతోందనీ, కుడిదాన్ని కూడా కనిపెట్టుకుని ఉండాలనీ ఆయన చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ ఏరోజు చొక్కాలోంచి ఆరోజు చొక్కాలోకి మారుతూ వస్తోంది. చొక్కా ఉతుకుడుకి పడుతుంటే చాలు, అతను పరుగున వెళ్లి జేబు తడుముకుంటాడు. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషికి చొక్కాల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని ఆమె వింతపోతోంది.

పాత సినిమాలకు మచ్చలు తీయడం అతని ఉద్యోగం. ఇళ్లల్లో చూసుకునే డిస్కుల కోసం పాత రీళ్లను ఒక్కొక్క బొమ్మగా కంప్యూటరులోకి ఎక్కిస్తారు. దుమ్ము, బూజు, గీతలు అన్నీ వాటితోపాటే ఎక్కుతాయి. అనుమానం వచ్చిన ప్రతి చుక్క చుట్టూ యంత్రం ఎర్రగా సున్నా చుట్టి చూపిస్తుంది. అది మచ్చయితే ఒక మీట, బొమ్మలో భాగమైతే ఇంకో మీట. తీసేయ్, ఉంచు. ఇరవై రెండేళ్లుగా తీసేయ్, ఉంచు. ఆఫీసులో అతని అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ మచ్చల మాస్టారే. చంద్రుణ్ణి మన కంపెనీకి పంపిస్తే మాస్టారు రెండ్రోజుల్లో కడిగిన కంచంలా చేసి ఇచ్చేస్తారని, పక్కగదిలో శబ్దం సరిచేసే మనిషి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ఆ రోజు ఒక చైనా సినిమా ఆఖరి పరీక్ష. ఎన్నో ఏళ్ల కిందటి రౌడీల కథ. చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంతకాలం ఇళ్లకు చేరినవన్నీ కాపీకి కాపీ తీసినవి. మొహాలు ఉడకబెట్టినట్టుండేవి, చీకటి సీన్లలో ఎవరు ఎవర్ని పొడిచారో పొడిచినవాడికే తెలియాలి. ఇప్పుడు అసలు రీలు దొరికింది. సాయంత్రం ఐదింటికి సినిమా డిస్కుల ఫ్యాక్టరీకి పోతుంది. పోయాక ఇక వెనక్కి రాదు.

పరీక్షగదిలో ముగ్గురు కూర్చున్నారు. మేడమ్, శబ్దం మనిషి, మాస్టారు. మేడమ్ ఇప్పుడు ఆ విభాగానికంతా పెద్ద. కానీ పని నేర్చుకున్నది మాస్టారి పక్కకుర్చీలోనే. తెర మీద ప్రతి సీనూ నిగనిగలాడుతోంది. తడిసిన రాళ్లవీధి, పడవల తాళ్లు, ముసలి రౌడీ చొక్కా మీద కుట్టు కూడా కనబడుతోంది. మేడమ్ రెండుసార్లు మాస్టారి వైపు తిరిగి నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు కానీ, చేతులు మాత్రం తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

చివరి సీను. రేవు పక్క టీకొట్టు మీది గదిలో ముసలి రౌడీ ఒక్కడే ఉన్నాడు. తను తమ్ముడిలా పెంచుకున్నవాడే తనను చంపడానికి మెట్లెక్కి వస్తున్నాడు. అడుగుల చప్పుడు వినబడుతోంది. ముసలివాడు పారిపోడు. బల్ల మీది దీపాన్నే చూస్తుంటాడు. అతని కళ్లు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత చెయ్యెత్తి, దీపం పక్కన మెల్లగా రెండుసార్లు ఊపాడు. అడుగులు ఆగాయి. తెర నల్లబడింది. తుపాకి పేలింది.

"ఎవర్ని తోలుతున్నాడు మాస్టారూ? అక్కడేం లేదే!" అన్నాడు శబ్దం మనిషి.

"చావు ముందు మనిషి కదా. చూపు చెదిరినట్టు చేశాడు. భలే చేశాడు," అని మేడమ్ కాగితం మీద సంతకం పెట్టేసింది.

మాస్టారి గుండె గుభేలుమంది. లేచి తన గదికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. సొరుగు అడుగునుంచి పాత కళ్లజోడు తీశాడు. దాని ఎడమ అద్దానికి నల్లకాగితం అంటించి ఉంది. మసక అడ్డురాకుండా, ఎవరూ లేనప్పుడు పెట్టుకునేది. మచ్చలు తీయకముందు దాచిన బొమ్మలు తెరిచి, దీపం సీను దగ్గర ఆపాడు.

పురుగు ఉంది.

బియ్యపుగింజంత రెక్కలపురుగు. దీపం చుట్టూ తిరుగుతోంది. తొమ్మిది సెకన్లు, రెండువందల పదహారు బొమ్మలు. యంత్రం రెండువందల పదహారు సున్నాలు చుట్టింది, అతను రెండువందల పదహారుసార్లు తీసేయ్ నొక్కాడు. అంతమందిని చంపించిన రౌడీ, తన చావు మెట్లెక్కుతుంటే వింటూ, ఒక పురుగు కాలిపోకుండా తోలుతున్నాడు. కథంతా ఆ చేతిలోనే ఉంది. ఇప్పుడా చెయ్యి ఉత్తగాలిని ఊపుతోంది.

అనుమానం వస్తే ఉంచు. ఇది మాస్టారు పెట్టిన నియమమే. కన్ను మసకబారినప్పటినుంచి భయంతో దాన్ని తిరగేశాడు. మచ్చ మిగిలిపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఉన్నది మాయమైతే ఎవరూ కనిపెట్టలేరు. అందుకే అనుమానం వస్తే తీసేశాడు. తీసేసి, తీసేసి, ఉద్యోగం నిలబెట్టుకున్నాడు.

గడియారం మూడున్నర. సంతకం పడ్డ సినిమాను మళ్లీ తెరవాలంటే మేడమ్ దగ్గరి తాళం కావాలి. తాళం అడిగితే ఎందుకని అడుగుతుంది. ఊరుకుంటే ఇంకో గంటన్నరలో అంతా అయిపోతుంది, అతను హాయిగా ఇంటికి పోవచ్చు. కన్ను సంగతి తెలిస్తే రేపటినుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? రేపు ఆ కుడికన్ను కూడా పోతే? అయినా లేచాడు.

"మేడమ్, ఒక మాట."

"రండి మాస్టారూ. అయ్యో, ఏంటా చెమటలు? ముందు కూర్చోండి."

"దీపం దగ్గర పురుగుంది. నేనే తీసేశా."

ఆమె నవ్వబోయింది. "మీరా? అనుమానం వస్తే ఉంచు అని నా ప్రాణం తీశారు కదా!"

"నా కన్ను పోతోందమ్మా."

ఆమె విభాగానికి పెద్దయ్యాక అతను అమ్మా అనడం మానేశాడు. ఇప్పుడు అదే నోటికొచ్చింది. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చదివి, మళ్లీ చదివింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఆర్నెల్లు."

"ఈ ఆర్నెల్లలో ఇంకో నాలుగు సినిమాలు పంపించేశాం మాస్టారూ."

"తెలుసు."

"వాటిలో ఏమేం పోయాయో..."

"నాకు తెలీదమ్మా. పిట్టలు తీసేశానో, ఆకాశంలో చుక్కలు తీసేశానో. అవి జనం ఇళ్లల్లో ఉన్నాయి. పడుకుంటే అదే గుర్తొస్తుంది. కన్ను పోతుందన్న భయం కంటే ఇది పెద్దదైపోయింది."

ఆమె కోప్పడుతుందేమోనని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. ఆమె కోప్పడలేదు. తాళం తీసుకుని అతని వెంట నడిచింది.

మాస్టారు అందరి ముందూ ఆ కళ్లజోడు పెట్టుకున్నాడు. మేడమ్ తన పాత పక్కకుర్చీలో కూర్చుంది. ప్రతి సున్నాకూ ముందు ఆమె చూసి "ఊఁ" అంటే అతను నొక్కాడు. ఉంచు. ఉంచు. ఉంచు. ఐదింటికి పది నిమిషాలుందనగా పని తేలింది. సీను మళ్లీ వేశారు. ముసలిచెయ్యి మెల్లగా ఊగింది, పురుగు దీపాన్ని వదిలి చీకట్లోకి ఎగిరిపోయింది. శబ్దం మనిషి గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ ఒక్కరోజూ అతనికి ఏ హాస్యమూ తోచలేదు.

సినిమా ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. మాస్టారు క్యారేజీ సంచిలో పెట్టుకున్నాడు.

"రేపు మాట్లాడుకుందాం," అంది మేడమ్.

"రేపు రాన్లేమ్మా. ఆ నాలుగూ నువ్వే ఓసారి చూడు. తొందరపడకు."

చీటీ తీసుకుని చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఈసారి అది భార్య చేతికివ్వాలి. ఇంటిదాకా వెళ్లాక ఆ ధైర్యం ఉంటుందో లేదో అతనికే తెలియదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయాడు.

మేడమ్ ఆ గదిలో దీపం ఆర్పడానికి వచ్చి, బల్ల మీద కళ్లజోడు మిగిలి ఉండటం చూసింది. చేతిలోకి తీసుకుని కిటికీ వైపు పట్టి చూసింది. ఎడమ అద్దం మీది నల్లకాగితాన్ని ఎంత శ్రద్ధగా కత్తిరించి అంటించాడంటే, అంచు చుట్టూ ఎక్కడా వెలుతురు దూరే సందు లేదు.