మామగారి బొగ్గు

పొద్దున లేవగానే కోడలు మొదట అందుకునేది ఇనప బేసిన్. మొహం కడుక్కోకముందే దాన్ని పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళేది. మామగారు అప్పటికే మంచం అంచున కూర్చుని ఉండేవారు. మర్యాదస్తుడు, కోడలి ముందు దగ్గడం బాగోదని గోడవైపు తిరిగి దగ్గేవారు. రెండు మూడు తెరలు దగ్గాక ఖంగుమని బేసిన్లో బొగ్గు పడేది, దాని వెనకే ఇంకోటి. ఆమె వాటిని కడిగి కిటికీ దగ్గర ఆరబెట్టి, నిన్నటివాటితో కుంపటి రాజేసేది.

"ఇవాళ మరీ చిన్నవి వచ్చాయమ్మా," అని ఆయన నొచ్చుకునేవారు.

"చిన్నవైతేనే తొందరగా అంటుకుంటాయి మామయ్యా," అనేది కోడలు. కన్నతండ్రికి కూడా ఆమె అంత నెమ్మదిగా జవాబు చెప్పి ఎరగదు.

జీవితమంతా గనిలో పనిచేసిన మనిషి. లోపలికి పోయిన దుమ్మంతా గట్టిపడి ఇలా బయటికొస్తోంది. వీధిలో ఎవరికీ అది వింత కాదు. పక్కింటి దర్జీ ఆవిడ, తన ఇంటికి చుట్టాలొస్తే, ప్రహరీ మీంచి తల పెట్టి, "వదినా, మీ మామగారు ఇవాళ బాగా దగ్గారా? నాలుగు బొగ్గులు సర్దుతావా?" అని అడిగేది. కంపెనీకీ తెలుసు. వారం వారం గుమాస్తా గోనెసంచితో వచ్చి సగం పట్టుకుపోయేవాడు.

"మా గనిలోంచి వచ్చిన బొగ్గు మాదే కదమ్మా," అనేవాడు. సగం వదిలి వెళుతున్నందుకు తనకు దణ్ణం పెట్టాలన్నట్టు గుమ్మంలో కాసేపు నిలబడేవాడు కూడా. కోడలు ఒక్కనాడూ పెట్టలేదు.

ఈలోగా ఎండలు ముదిరాయి. వానలు రావలసినప్పుడు రాకుండా, అక్కర్లేనప్పుడు వచ్చి ఇళ్ళు ముంచాయి. ఇదంతా బొగ్గు పొగ వల్లేనని, బొగ్గు మానాలని పెద్దవాళ్ళు తేల్చారు. మాట నిజమే, ఎవరూ కాదనలేదు. గని మూశారు. కంపెనీ తన నల్ల లారీలకు పచ్చరంగు కొట్టించి, అదే గేటు వెనక గాలిమరల రెక్కలు తయారు చేయడం మొదలుపెట్టింది. ఏ ఎండకా గొడుగు పట్టడం దానికి ఒకరు నేర్పాలా? గనికి వేలమంది కావలసి వచ్చారు గానీ రెక్కలకు వందమంది చాలు. ఆ వందలో పడాలంటే ఇంట్లో బొగ్గు ఉండకూడదు. పడనివాళ్ళు కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి.

కోడలి భర్త కూడా గనివాడే. ఉద్యోగం పోయి, గోళ్ళు గిల్లుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. ఇద్దరు పిల్లలు. ఇల్లు పోతే ఎక్కడికి పోవాలో ఆమెకు ఎంత ఆలోచించినా తోచలేదు. చివరికి గుమాస్తా దగ్గరికే వెళ్ళింది.

"మీ బొగ్గే అన్నారుగా ఇన్నాళ్ళూ! మీరే వచ్చి మొత్తం తీసుకుపొండి. మా మామగారికీ హాయి, మాకూ హాయి."

గుమాస్తా కొత్త పచ్చచొక్కా మడత నలగకుండా కుర్చీలో వెనక్కి జరిగాడు. "అప్పుడు మాదేనమ్మా. ఇప్పుడు బొగ్గుంటే జరిమానా. కాబట్టి ఇప్పుడది మీది. సోమవారం తనిఖీకి వస్తాను, ఇంట్లో ఉండండి."

సోమవారం పొద్దున కోడలు వెనకగదిలోకి ఉత్తచేతులతో వెళ్ళింది. మామగారు ఆ చేతులవైపు చూశారు.

"మామయ్యా, ఆ మనిషి వచ్చి వెళ్ళేదాకా ఓర్చుకోండి. ఈ ఒక్కపూటే. గొంతులోకి వస్తే మింగేయండి."

"గని మూసేయమంటావు, అంతేనా?" అని ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

గుమాస్తా వచ్చాడు. కుంపటి బోర్లించి చూశాడు, గోడలు వాసన చూశాడు, మామగారి పక్కనే మంచం మీద కూర్చున్నాడు. ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కంఠంలో ఏదో పైకి వచ్చి, ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది.

"ఏం మామా, దగ్గు తగ్గినట్టుందే?"

"తగ్గింది బాబూ."

భర్తకు ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. గుమాస్తా వీధి మలుపు తిరిగాడో లేదో కోడలు బేసిన్ పట్టుకుని పరుగెత్తింది. "ఇక కానివ్వండి మామయ్యా!"

ఆయన తల అడ్డంగా ఊపారు. "మూసిన గని మళ్ళీ తెరవకూడదమ్మా. లోపల గాలి విషమై ఉంటుంది. తెరిచినవాడితో పోదు, వెనకాల నిలబడ్డవాళ్ళనీ తీసుకుపోతుంది. అబ్బాయి ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇది మూసిన గనే."

గనివాళ్ళ నియమం అది. ప్రాణం పోయినా తప్పరు. కోడలు మర్నాడు బతిమాలింది, ఆ మర్నాడూ బతిమాలింది. మొదటి జీతం రాగానే కరెంటు పొయ్యి వచ్చింది. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. అడిగితే నిజంగా దగ్గుతారేమోనని భయం వేసింది, అదీ అసలు సంగతి. బేసిన్లో బట్టలు నానబెట్టడం మొదలుపెట్టింది.

మామగారు రోజురోజుకూ బరువెక్కారు. మంచం కోళ్ళు విరిగితే నేల మీద పరుపు వేశారు. ఆయన నడిచినచోట గచ్చు మీద పాదాల గుంటలు పడ్డాయి. తర్వాత ఒళ్ళు కాలడం మొదలైంది. మూసిన బొగ్గు లోపల్లోపలే రగులుతుందని వీధిలో ఏ గనివాడినడిగినా చెబుతాడు.

"నాన్నని డాక్టరుకి చూపిద్దామే," అన్నాడు భర్త.

"చూపిస్తే డాక్టరేమంటాడు? బొగ్గంటాడు. అప్పుడు సామానెక్కడ దింపుదాం?"

అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చలికాలం వచ్చింది. పిల్లలు తాతయ్య వీపుకు ఆనుకుని చదువుకునేవాళ్ళు. కోడలు నీళ్ళబిందె ఆయన పక్కన పెడితే స్నానాలవేళకి కాగేది. మళ్ళీ ఇంటికి అక్కరకొచ్చినందుకు ఆ పిచ్చి మనిషి సంతోషపడ్డారు. "ఇంకాస్త దగ్గరికి జరుపమ్మా," అనేవారు. ఆమె జరిపేది.

ఒక మధ్యాహ్నం ఆమె బిందె తీయడానికి వెళితే నీళ్ళు చల్లగా ఉన్నాయి. మామగారి పెదాల మధ్య నుంచి సన్నగా పొగ వస్తోంది. ఆమె నేల మీద చతికిలబడి, వీధంతా వినేలా ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు.

మోయడానికి నలుగురు చాలలేదు, ఎనిమిదిమంది పట్టారు. అంతలో గుమాస్తా పెద్ద కాటా వేసుకుని పచ్చలారీలో వచ్చాడు.

"కాల్చకండి, పాతిపెట్టండి. దూరాన ఎక్కడో పొగ మానలేని ఫ్యాక్టరీలున్నాయి. మనం ఇక్కడ ఇంత బొగ్గు కాల్చకుండా దాచామని చూపిస్తే, అంత పొగ వాళ్ళు అక్కడ వదలొచ్చు. అందుకు డబ్బిస్తారు."

"ఎవరికిస్తారు?" అంది కోడలు కళ్ళు తుడుచుకుని.

"కంపెనీకి. గనిలోంచి వచ్చిన బొగ్గు కంపెనీదే కదమ్మా." మామగారిని కాటా మీద పెట్టించి, ముల్లు ఆగేదాకా చూసి, అతను కొంచెం మెత్తబడ్డాడు. "సగం మీకు."

ఈసారి ఆమె అతనికి దణ్ణం పెట్టింది.

ఆ సగంతో వెనకగదికి ఏసీ వచ్చింది. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి బయట కాకులు రాలిపడుతున్నా ఆ గదిలో పిల్లలు దుప్పటి కప్పుకుని పడుకున్నారు. పక్కింటి దర్జీ ఆవిడ కాసేపు చల్లగా కూర్చుందామని వచ్చి, "అదృష్టవంతురాలివి వదినా," అని వెళ్ళింది.

ఒక పొద్దున భర్త కొత్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి గోడవైపు తిరిగి దగ్గాడు. పళ్ళకు ఏదో తగిలి టక్కుమంది. కోడలు పాత అలవాటుకొద్దీ పెరట్లోకి పరుగెత్తి, నానేసిన బట్టలు నేల మీద కుమ్మరించి బేసిన్ తెచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది.

అతని ఒక బుగ్గ ఉబ్బి ఉంది. మాట్లాడలేక, చెయ్యి చాచి బేసిన్ ఇమ్మని సైగ చేస్తున్నాడు. కళ్ళు అచ్చం వాళ్ళ నాన్నవే.

ఆమె బేసిన్ చప్పుడు కాకుండా కింద పెట్టింది. వెళ్ళి అతని పక్కన కూర్చుంది. పసిపిల్లకు పాలు పట్టాక రాసినట్టు, అరచేత్తో వీపు మీద పైనుంచి కిందికి మెల్లగా రాసింది.

"మింగండి," అంది.