పాయింట్ల పెద్దాయన వాయిదాలు

రిసార్టు మూసేశారన్న కబురు చేరేసరికి దర్జీ అక్క ఒకే గుడ్డలో మూడో నైటీ కుడుతోంది. సముద్రం ఒడ్డున మేడ పునాది కుంగిందట, ఎవరూ రావద్దన్నారట. ఆమె సూది పక్కన పెట్టి, నోటికొచ్చిన తిట్లన్నీ సముద్రాన్నే తిట్టింది.

ఆమెకు సముద్రం మీద మోజేమీ లేదు. ఒక చెల్లెలు ఆసుపత్రిలో నర్సు, ఇంకో చెల్లెలు స్కూలు బస్సు డ్రైవరు. ముగ్గురిదీ ఒకే ఊరు. అయినా ఒకరికి తీరిక దొరికితే మిగతా ఇద్దరికి దొరకదు. పెళ్ళిళ్ళలోనో చావుల్లోనో నిలబడి నాలుగు మాటలు, అంతే. చిన్నప్పటిలా ఒక్కసారి ముగ్గురూ ఒకే గదిలో పడుకుని తనివితీరా కబుర్లు చెప్పుకోవాలన్నది అక్క కోరిక. సొంతంగా రిసార్టుకు వెళ్ళే స్తోమత లేక, పక్క వీధి పెద్దాయన దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకుంది. ఆయన ఆ రిసార్టు కంపెనీలో సభ్యుడు. ఏటా ఖాతాలో పడే పాయింట్లతో ఆయనకు గది దొరుకుతుంది. మోకాళ్ళు మొరాయించి ఈ ఏడు తాను వెళ్ళలేక, డబ్బు పుచ్చుకుని ఆమె పేరున గది బుక్ చేశాడు.

డబ్బు తిరిగిమ్మని ఫోన్ చేస్తే ఆయన, "కంపెనీ నాకు డబ్బివ్వలేదమ్మా, పాయింట్లే వెనక్కి వేసింది" అన్నాడు.

"పాయింట్లు నేనేం చేసుకోనండీ, కూరలోకి వస్తాయా?" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ముగ్గురూ దండయాత్రకు బయల్దేరారు. డ్రైవరు అరవాలి, నర్సు ఏడవాలి, అక్క సర్దిచెబుతున్నట్టు నటించి డబ్బు రాబట్టాలి. ఆ గదిలో వేసుకుందామని కుట్టిన మూడు నైటీలూ సాక్ష్యంగా సంచిలో వేసుకున్నారు.

తీరా పెద్దాయన కుంటుకుంటూ వరండాలోకి రాగానే నర్సు కళ్ళు ఆయన మోకాలి మీద పడ్డాయి.

"ఈ కట్టు ఎవరు కట్టారండీ? ఇంత బిగిస్తే రక్తం ఆడుతుందా?" అని అక్కడే కూర్చుని విప్పడం మొదలెట్టింది. డ్రైవరేమో సంచిలోంచి నైటీలు తీయబోయి, తీయకుండానే భోరున ఏడ్చేసింది. ఏడవాల్సిన మనిషి వైద్యం చేస్తుంటే, అరవాల్సిన మనిషి ఏడుస్తుంటే, ఇక అరవడం అక్కకే మిగిలింది. ఆమె ఆ పని లోటు లేకుండా చేసింది.

"ఎగ్గొట్టనమ్మా. పై గది కప్పు కారుతుంటే ఆ డబ్బు దానికే పోశాను. నెలనెలా ఇచ్చుకుంటాను" అన్నాడు పెద్దాయన. ఆయన భార్య అందరికీ టీ ఇచ్చింది.

వసూలుకు ఒక్కరే వెళ్తే ఆ మోకాలు చూసి జాలిపడి ఉత్తచేతులతో వస్తారని ముగ్గురికీ ఒకరి మీద ఒకరికి అనుమానం. కాబట్టి నెలనెలా ముగ్గురూ వచ్చారు. కబుర్లకని అడిగితే సెలవివ్వని పైవాళ్ళు బాకీ వసూలంటే ఇచ్చారు. అలా వరండాలో కుర్చీలు పడేవి. పెద్దాయన భార్య కూడా తన కుర్చీ లాక్కునేది. నవ్వులకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు.

ఒక నెల పెద్దాయన లావుపాటి కవరు తెచ్చాడు.

"కంపెనీ నష్టపరిహారం ఇచ్చిందమ్మా. మీ బాకీ మొత్తం ఇందులో ఉంది."

కోరి వచ్చిన డబ్బును చూస్తే అక్కకు దుఃఖం ముంచుకొచ్చింది. కవరులోంచి ఒక్క వాయిదా మాత్రం తీసుకుని, మిగతాది వెనక్కి తోసింది.

"తొందరేం లేదండీ. నెలనెలా ఇవ్వండి."

"బాకీ తీరుస్తానంటే వద్దనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు పెద్దాయన.

"మీకేం తెలుసు, ఆ కవరు లోపల పెట్టండి" అంది ఆయన భార్య. తర్వాత అక్క వైపు తిరిగింది. "పై గది ఖాళీగానే ఉంది. కప్పు మీ డబ్బుతోనే వేయించాం. ఈ రాత్రికి ఉండిపోండమ్మా."

మొదటి రోజు నుంచీ నెలనెలా వసూలుకు వెంట తెస్తున్నది ఆ సంచినే. అందులోని సాక్ష్యాన్ని ఇంతవరకూ ఎవరూ బయటికి తీయలేదు. అక్క చెయ్యి పెట్టి మూడు నైటీలూ తీసి, కొలతలు సరిపోతాయో లేదోనని చెల్లెళ్ళ భుజాలకు ఆనించి చూసింది.